గట్టు కింద దాగిన పీట: ఒక పాత వంటగది మరమ్మతు కేసు

ఇళ్ల మరమ్మతు పనులు చేయించడం నా వృత్తి. సివిల్ డిప్లొమా తర్వాత కొన్నాళ్లు కొత్త కట్టడాల దగ్గర పనిచేసి, పద్నాలుగేళ్లుగా పాత ఇళ్లకే పరిమితమయ్యాను. ఈ కేసును రాసి పెట్టడానికి కారణం ఇందులో నేను మూడుసార్లు తప్పు చేయడం. మూడింటిలోనూ జవాబు మొదటి రోజే నా కళ్ల ముందో చెవిలోనో పడింది. ఇంటివారి ఆనవాళ్లు తెలియకుండా ఊరిని, కొన్ని కుటుంబ వివరాలను మార్చాను. కొలతలు, ఖర్చులు నా లెక్కల పుస్తకంలో ఉన్నవే.

కోస్తాలో ఒక మధ్యరకం పట్టణం. 1991లో కట్టిన ఇల్లు. ఇటుక గోడలు, మొజాయిక్ నేల. ఆగ్నేయ మూలలో పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పున వంటగది. తూర్పు గోడ పొడవునా కడప బండతో కట్టిన గట్టు, దాని పైనా కిందా అవే బండలతో అరలు, వాటికి తలుపులు లేవు. దక్షిణ గోడకు అటక. ఉద్యోగ విరమణ చేసిన భర్త, ముప్పై ఏళ్లుగా ఆ గదిలోనే వండుతున్న భార్య. ఆయనను మాస్టారు అని, ఆమెను పిన్నిగారు అని పిలిచేదాన్ని. ఇక్కడా అలాగే రాస్తాను.

దీపావళి వెళ్లిన వారానికి ఫోను చేశారు. అప్పటికే ఒక మాడ్యులర్ కిచెన్ దుకాణం వారు వచ్చి కొలతలు తీసుకుని 3,85,000 రూపాయల అంచనా ఇచ్చి వెళ్లారు. మాస్టారు పక్కన పెట్టిన డబ్బు 1,75,000. "సంక్రాంతికి అబ్బాయి, కోడలు వస్తున్నారమ్మా. వంటగది చూసి కోడలు ఏమనుకుంటుందోనని మీ పిన్నిగారి బెంగ" అన్నారు. పిన్నిగారు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, "సామాన్లు పెట్టుకోవడానికి చోటు లేదమ్మాయ్, అంతే" అన్నారు.

ఆ దుకాణం అంచనాను ముందు చదివాను. పాత గట్టు, అరలు అన్నీ పగలగొట్టి, లామినేట్ అతికించిన పార్టికల్ బోర్డుతో (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) పెట్టెలు చేసి పెడతారు. చెమ్మ ఉన్న గోడకు పార్టికల్ బోర్డు ఆనిస్తే అది రెండు వానాకాలాల్లో అటుకుల్లా ఉబ్బుతుంది. ఆ గదిలో చెమ్మ ఉందన్న మాట అంచనా కాగితంలో ఎక్కడా లేదు. సింకు పక్క గోడకు నేల దగ్గర నుంచి రెండున్నర అడుగుల ఎత్తు వరకు రంగు పొక్కిపోయి ఉంది. మాస్టారు మూడుసార్లు రంగు వేయించారు, ఒకసారి చెమ్మను ఆపుతుందన్న పుట్టీ పట్టించారు, చివరికి ప్లాస్టిక్ పలకలు అతికించి కంటికి కనబడకుండా చేశారు. పలక ఒకటి ఊడదీస్తే వెనుక గోడ ముట్టుకుంటే చల్లగా, తడిగా తగిలింది.

బడ్జెట్ తక్కువైనప్పుడు నేను మొదట వేసుకునే లెక్క ఏమి పగలగొట్టకూడదు అన్నది. పగలగొట్టిన ప్రతిదానికీ మూడుసార్లు డబ్బు పోతుంది: కొట్టినందుకు, శిథిలాలు మోసినందుకు, మళ్లీ కట్టినందుకు. ఇక్కడ కడప బండల అరలు ముప్పై ఏళ్లు బిందెలు, బియ్యం డబ్బాలు మోసి చెక్కుచెదరలేదు. వాటికి చెద పట్టదు, అవి నీటికి ఉబ్బవు. అంత గట్టి సరుకు ఈ డబ్బుకు కొత్తగా రాదు. వాటిని ఉంచి ముందు తలుపులు బిగిస్తే చాలనుకున్నాను. నేల కూడా అంతే. మాస్టారు విట్రిఫైడ్ టైల్స్ అడిగారు. పాత నేల మీదే వేస్తే గది అంగుళం ఎత్తు పెరిగి తలుపు అడుగు కోయాల్సి వస్తుంది, హాలుకు వంటగదికి మధ్య కొత్తగా ఒక మెట్టు వస్తుంది. అరవై దాటినవారి ఇంట్లో ఆ అంగుళం ప్రమాదం. మొజాయిక్‌కు మిషను పాలిష్ పెట్టిస్తే 4,500 అయింది, లోపలి రాళ్ల రంగులు మళ్లీ తేలాయి.

ఈ ఆలోచనతో ఒక నక్షా గీశాను. గట్టు అలాగే ఉంచి పైన నల్ల గ్రానైట్, అరలకు తలుపులు, పైన మరో వరస అరలు, గోడకు టైల్స్. పిన్నిగారు చూసి "బాగుంది" అన్నారు. ఆ "బాగుంది"లో ఉత్సాహం లేదని అనిపించింది గానీ, ఎందుకో అడగలేదు.

కొలతలకు నేను వెళ్లింది మధ్యాహ్నం మూడు గంటలకు. ఎవరో వస్తున్నారంటే వంటగది కడిగి సర్దేస్తారు కదా. గ్యాస్ కనెక్షన్ చూడాలని మరో రోజు పొద్దున ఆరున్నరకు వెళ్లాను. పిన్నిగారు పప్పు మెదుపుతున్నారు. కాళ్ల కింద ఒక చెక్క పీట. నన్ను చూడగానే దిగి, పీటను కాలితో గట్టు కిందికి తోసేశారు.

అప్పుడు గట్టు ఎత్తు కొలిచాను. 35 అంగుళాలు. ఇల్లు కట్టిస్తున్నప్పుడు మేస్త్రి ఎత్తు అడిగితే మాస్టారు తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించారట. ఆయన ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, ఆమె నాలుగడుగుల పదకొండు. గట్టు మీద స్టవ్ ఐదు అంగుళాలు, దాని మీద గిన్నె ఏడు. అంటే గిన్నె అంచు నేల నుంచి 47 అంగుళాలు. ఆమె మోచేయి 37 అంగుళాల దగ్గర ఉంది. ముప్పై ఏళ్లుగా భుజం ఎత్తి గరిటె తిప్పుతున్నారు, లేదా పీట ఎక్కుతున్నారు. భుజం నొప్పికి తైలాలు, మాత్రలు వేరే కథ. పీట ఎక్కి మరిగే నూనె ముందు నిలబడటం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. "ఇది ముందే చెప్పలేదేం పిన్నిగారూ?" అన్నాను. "గట్టు ఎత్తు మార్చచ్చని నాకేం తెలుసమ్మాయ్?" అన్నారు.

ఇది నా మొదటి పొరపాటు. నక్షా చింపేశాను. గట్టు మొత్తం దించితే డబ్బు చాలదు, పైగా దించాల్సిన పనీ లేదు. సింకు దగ్గర ఎత్తు ఎక్కువ ఉండటమే మేలు, ఎందుకంటే గిన్నెలు తోమేటప్పుడు చేతులు పనిచేసేది అంచు దగ్గర కాదు, ఎనిమిది అంగుళాల లోతున సింకు అడుగున. 35 లోంచి ఎనిమిది తీస్తే 27. వంగకుండా చేతికి అందుతుంది. కూరగాయలు ఆమె ఎప్పుడూ భోజనాల బల్ల దగ్గర కూర్చునే తరుగుతారు. కాబట్టి ఎత్తు తగ్గాల్సింది స్టవ్ ఉన్న నాలుగున్నర అడుగుల ముక్కే. దాన్ని 28 అంగుళాలకు దించాలని తేల్చాను. గీసి చూపించే బదులు ఇటుకలు పేర్చి, వాటి మీద పలక వేసి, స్టవ్ పెట్టి, ఖాళీ గిన్నెలో గరిటె తిప్పించాను. మొదట 30 పెట్టాం, తర్వాత 28, తర్వాత 27. ఇరవై ఎనిమిది దగ్గర ఆమె భుజం దిగింది. అరగంట పని, ఖర్చు లేదు.

వాస్తు సంగతి కూడా ఇక్కడే. స్టవ్ ఆగ్నేయం వదలకూడదని, వండేవారు తూర్పు చూడాలని మాస్టారి పట్టుదల. నేను వాదించలేదు. స్టవ్ కదలకపోతే గ్యాస్ గొట్టం, ఎగ్జాస్ట్ ఫ్యాను కదలవు. ఆయన నమ్మకం, నా బడ్జెట్ ఒకే దిక్కు చూపించాయి.

ఇక చెమ్మ. ఇది నా రెండో పొరపాటు.

చెమ్మ సింకు కిందే ఉంది కాబట్టి సింకు నీళ్లు పోయే పైపు అతుకు కారుతోందని తేల్చేసి, ట్రాప్‌తో (వాసన పైకి రాకుండా నీరు నిలిచే వంపు) సహా ఆ పైపు మార్పించాను. రెండు వారాలు చూశాం. తగ్గలేదు. అప్పుడు బట్టలకు పెట్టే నీలం నీళ్లలో చిక్కగా కలిపి సింకులో బకెట్టు పోశాను. గోడలో ఎక్కడా నీలం తేలలేదు. గోడకు అవతల స్నానాల గది. అక్కడి నేల మీదా నీలం నీళ్లు నిలిపి మర్నాడు చూశాను, అక్కడి నుంచీ రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మొదటి రోజు మాస్టారు అన్న మాట. వేసవిలో అమ్మాయి దగ్గరికి వెళ్లి మూడు వారాల తర్వాత తిరిగి వచ్చేసరికి చెమ్మ ఇంకా పైకి పాకిందని. నేను విన్నాను, తల ఊపాను, ఆలోచించలేదు. ఇంట్లో మనుషులు లేక చుక్క నీరు వాడని రోజుల్లో కారేది వాడిన నీళ్లు పోయే పైపైతే గోడ ఆరాలి. పెరిగిందంటే అది ఎప్పుడూ నిండుగా ఉండే పైపు, అంటే పై ట్యాంకు నుంచి కుళాయికి వచ్చేది. ఆ పరీక్షకు కావలసింది ఒక పెన్సిలు. చెమ్మ అంచు చుట్టూ గీత గీసి తారీఖు వేశాను. వంటగదికి వచ్చే వాల్వు కట్టేసి, నాలుగు రోజులు బకెట్టుతో నీళ్లు వాడమని బతిమాలాను. పిన్నిగారు విసుక్కున్నారు గానీ ఒప్పుకున్నారు. నాలుగో రోజుకు గీత లోపల రెండు వేళ్ల వెడల్పున గోడ తెల్లబడింది.

గోడలో దాచిన ఇనుప పైపు, 1991 నాటి జీఐ, అంటే జింకు పూత వేసినది. ఒక వంపు దగ్గర తుప్పు తిని, చెమట పట్టినట్టు నీరు ఊరుతోంది. గోడ పొడవునా గాడి కొట్టి పాత పైపు తీసి కొత్తది దాచడం మామూలు పద్ధతి. నేను ఆ దారి పట్టలేదు. పాత పైపును రెండు చివర్లా మూత వేసి గోడలోనే వదిలేశాను. సీపీవీసీ అనే కొత్త ప్లాస్టిక్ పైపును గట్టు కింద, గోడ బయట, క్లిప్పులతో బిగించాం. గట్టు తలుపులు వేస్తే అది కనబడదు, రేపు ఎక్కడ కారినా తలుపు తీయగానే కనబడుతుంది. దాచిన పైపు అందం మీద నాకు మొదటి నుంచీ మోజు లేదు. కొత్త సింకు, కుళాయి, పైపులు, కూలీ కలిపి 19,500.

మూడో పొరపాటు సంక్రాంతి చేయించింది అంటే పండుగ మీద నెపం వేసినట్టే. చేసింది నేనే. చెమ్మ ఉన్నంత మేర గోడ పూత చెక్కించి ఇటుక బయటపెట్టాం. ముప్పై ఏళ్లలో ఎన్నాళ్లు నీరు తాగిందో తెలియని ఇటుక. అది ఆరడానికి వారాలు కావాలి. పండుగకు పదిహేను రోజులే ఉన్నాయి. "పైన ఆరిపోయింది కదమ్మా" అని మాస్టారు, "ఫ్యాను పెడితే సరి" అని మేస్త్రి. తొమ్మిదో రోజున కొత్త పూత, దాని మీద టైల్స్ వేయించాను. పండుగకు గది మెరిసింది, కోడలు మెచ్చుకుంది. ఫిబ్రవరి రెండో వారంలో టైల్స్ మధ్య గీతల్లో తెల్లని ఉప్పు తేలింది. వేలి కణుపుతో తడితే సగం టైల్స్ బోలుగా మోగాయి. గోడలోని తడి బయటికి వస్తూ తనతో పాటు ఉప్పును మోసుకొచ్చి టైల్స్ వెనుక పోసింది. వాటిని తీయించాం. 11,000 దండగ. అందులో సగం నేను భరించాను. మాస్టారు వద్దన్నారు, కానీ ఆరలేదని తెలిసీ పని చేయించింది నేను కదా.

రెండోసారి తొందర పడలేదు. రెండడుగుల పాలిథిన్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచాను. మూడో వారంలో కాగితం లోపలి వైపు నీటి బిందువులు కనిపించాయి. ఐదో వారంలో పొడిగా ఉంది. ఆ తర్వాతే పూత, టైల్స్. ఈసారి టైల్స్ కూడా గోడంతా వేయకుండా, నీళ్లు, నూనె చిందే రెండడుగుల మేరే వేయించాను. మిగతా గోడ ఊపిరి పీల్చుకుంటుంది.

తలుపుల పనిలో వడ్రంగి, నేను ఇద్దరం తల పట్టుకున్నాం. మూలమట్టం పెట్టి చూస్తే ఒక్క అర కూడా తొంభై డిగ్రీల్లో లేదు. పై బండకు, కింది బండకు ముందు వైపున ముప్పావు అంగుళం తేడా. మొదట మడతబందులను నేరుగా ఇటుక గోడకు ప్లగ్గులు కొట్టి బిగించి చూశాం. వారానికే తలుపులు జారి ఒకదానికొకటి రాసుకున్నాయి. పని చేసింది వేరే ఉపాయం. అరల ముందు, వాటికి ఆనకుండా, సొంతంగా నిలబడే అల్యూమినియం ఫ్రేము కట్టించాం. గుండు వేలాడదీసి నిటారుగా నిలిపి, నేలకు, పై బండకు బిగించాం. ఫ్రేముకు, వంకర బండకు మధ్య సందును సిలికానుతో నింపాం. తలుపులు ఫ్రేముకే వేలాడతాయి, బండ వంకర వాటికి తెలియదు. తలుపులకు ఏసీపీ షీటు (రెండు పలచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) ఎంచుకున్నాం. నీటిని తట్టుకునే మంచి ప్లైవుడ్ ఖరీదు ఎక్కువ, చౌక ప్లైవుడ్‌ను ఆ ఇంటి చెద వదలదు. అన్ని అరలకూ తలుపులు వేయలేదు. రోజూ చెయ్యి పెట్టే పోపు డబ్బా, ఉప్పు, నూనె ఉండే అరను తెరిచే ఉంచాం. మొత్తం 43,000, ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇదే.

అన్నట్టు, గట్టు దించినప్పుడు ఒక చిక్కు వచ్చింది. 14.2 కిలోల గ్యాస్ బండ ఎత్తు సుమారు 25 అంగుళాలు, రెగ్యులేటరు పైన. దించిన ముక్క కింద గట్టు రాయి మందం పోగా మిగిలింది 26 అంగుళాల పైచిలుకు. సిలిండరు దూరుతుంది గానీ రెగ్యులేటరు తిప్పడానికి చెయ్యి దూరదు. అత్యవసరంలో చెయ్యి దూరని చోట గ్యాస్ బండ పెట్టకూడదు. కాబట్టి సిలిండరును పక్కనున్న ఎత్తు ముక్క కిందికి మార్చి, మధ్య ఇటుక గోడలో గొట్టానికి కన్నం పెట్టాం. గొట్టం ఒకే ముక్కగా, మీటరున్నర మించకుండా చూసుకున్నాను. ఆ అరకు తలుపు పెట్టలేదు. గ్యాస్ గాలి కన్నా బరువు, కారితే నేల మీదే పేరుకుంటుంది.

కరెంటు పని మీద ఇంటివారికి ఆసక్తి లేదు. కంటికి కనబడదు కదా. ఒకే ఐదు ఆంపియర్ల బోర్డు, దానికి మూడు పిన్నుల అడాప్టరు, ఫ్రిజ్, మిక్సీ, గ్రైండరు అన్నీ దాని నుంచే. కొత్తగా కొన్న 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కూడా అక్కడే పెట్టబోతున్నారు. అదొక్కటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. ప్లగ్గు దగ్గర గోడ అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది. మెయిన్ బోర్డు నుంచి విడిగా నాలుగు స్క్వేర్ ఎంఎం రాగి తీగ లాగి, 16 ఆంపియర్ల సాకెట్లు మూడు, ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. 21,000. "ఇదంతా అవసరమా?" అని మాస్టారు రెండుసార్లు అడిగారు. గ్రానైట్ నాలుగున్నర అడుగులకే పరిమితం చేసి ఈ డబ్బు మిగిల్చాను. సింకు వైపు పాత కడప బండే ఉంది. అది సున్నపురాయి కాబట్టి చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మెరుపు పోతుంది. వంట జరిగే చోటు గ్రానైట్‌కు మారింది కాబట్టి ఆ బెడద తగ్గింది.

ఇంతా చేసి, పిన్నిగారు అందరికీ చూపించేది 1,800 రూపాయల పని. ట్యూబులైటు గదికి వెనుక గోడ మీద ఉండేది, వండేటప్పుడు ఆమె నీడే గిన్నెలో పడేది. పై అర అడుగున, గట్టు పొడవునా ఎల్ఈడీ లైటు బిగించాం. అంతే.

పొగ కూడా అలాంటిదే. చిమ్నీ కావాలని మాస్టారు పట్టుబట్టారు. ఫ్యాను బాగానే తిరుగుతోంది, కానీ దాని పక్కనే కిటికీ తెరిచి ఉంది. ఫ్యాను ఆ కిటికీ గాలినే లాగి బయటికి పంపుతోంది, మిరపకాయల తిరగమోత ఘాటు మాత్రం హాల్లోకి పోతోంది. పోపు వేసేటప్పుడు కిటికీ మూసి, హాలు తలుపు తెరవమన్నాను. గాలి హాల్లోంచి వచ్చి స్టవ్ మీదుగా ఫ్యానులోకి వెళ్తుంది. ఫ్యాను రెక్కల జిడ్డు కడిగించడం తప్ప ఖర్చు లేదు. చిమ్నీ మాట మళ్లీ రాలేదు.

గట్టు పని, రెండో టైల్స్, రంగులు, నా రుసుము అన్నీ కలిపి మాస్టారికి అయింది 1,65,800. మొదటి టైల్స్ దండగలో నేను భరించిన 5,500 ఇందులో లేదు. మిగిలిన డబ్బుతో స్టీలు డబ్బాలు కొన్నారు.

ఆరు నెలల తర్వాత వెళ్లాను. అప్పట్లో పెన్సిలు గీత గీసిన చోట గోడ పొడిగా ఉంది. పిన్నిగారు రెండు ఫిర్యాదులు చెప్పారు. ఎత్తు గట్టుకు, దించిన గట్టుకు మధ్య మెట్టు మూలలో పిండి, నీళ్లు చేరుతున్నాయి, గుడ్డ సరిగ్గా దూరదు. అది నా లోపం, ఆ మూలను గుండ్రంగా నింపించాల్సింది. నింపించి వచ్చాను. రెండోది కోడలి సంగతి. ఆ అమ్మాయి ఐదడుగుల ఆరు అంగుళాలు, పండుగకు నాలుగు రోజులు వండితే నడుము పట్టేసిందట. దీనికి నా దగ్గర జవాబు లేదు. అదే చెప్పాను.

"ఏడాదికి రెండు వారాలు వస్తుంది, ఆ రెండు వారాలూ నేనే వండుతాలే" అన్నారు పిన్నిగారు. పీట పెరట్లో ఉంది, దాని మీద కూర్చుని మునగాకు దూస్తున్నారు.